పొగగొట్టంలో గని!

'పాత ఇనప సామాన్లు కొంటాం...' అని వీధిలో కేక వినబడగానే పెరటి మూలన పడున్న తుప్పు బకెట్టు, చిల్లులు పడ్డ జి.ఐ. రేకు, వంకరపోయిన సైకిలు రిమ్ము తెచ్చి కాటాలో పడేస్తాం. నాలుగు డబ్బులు చేతికొస్తాయి, మూల ఖాళీ అవుతుంది. మన పని అంతటితో అయిపోతుంది. ఆ రేకు ప్రయాణం మాత్రం అప్పుడే మొదలవుతుంది. తుక్కు దుకాణం నుంచి లారీ ఎక్కి కొలిమికి చేరుతుంది. కరిగి, మళ్లీ కడ్డీగా మారి ఎవరింటి స్లాబులోనో కుదురుకుంటుంది.

బాగానే ఉంది. మరి ఆ రేకు మీద కొత్తలో తెల్లగా మెరిసిన జింకు పూత ఏమైనట్టు?

కడ్డీలో వెతికితే దొరకదు. కొలిమి పక్కన పోగుపడిన చిట్టెంలోనూ పెద్దగా ఉండదు. అది పొగతో పాటు పైకి లేచి, గొట్టంలో చల్లబడి, ముదురు ఇటుక రంగు దుమ్ముగా మారింది. వెళ్తూ వెళ్తూ బోలెడంత ఇనుమునూ వెంట తీసుకెళ్లింది. ఉక్కు ప్రపంచంలో అందరినీ తలపట్టుకునేలా చేసిన చెత్త ఇదే. దీనిలోంచి లోహాన్ని తిరిగి రాబట్టడం ఎలాగన్నది వందేళ్లుగా ఇంజినీర్లు తేల్చుకుంటున్న లెక్క.

కొలిమి ఎందుకు కక్కుతుంది?

ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తుక్కును కరిగించే విద్యుత్ ఆర్క్ కొలిమిలో వేడి 1600 డిగ్రీలు దాటుతుంది. జింకు సంగతి వేరు. 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. ఇనుము ఇంకా ఎర్రబడి మెత్తబడుతుండగానే జింకు గాలిలో కలిసిపోతుందన్నమాట. సీసం, కాడ్మియం కూడా అదే బాట పడతాయి. కుతకుతలాడే లోహంలోంచి బుడగలు పైకొచ్చి పగిలినప్పుడు సన్నటి ఇనుప తుంపరలు ఎగురుతాయి. అవీ ఆ గాలిలోనే కొట్టుకుపోతాయి.

ఒక టన్ను ఉక్కు తయారైతే సుమారు 15 నుంచి 20 కిలోల దుమ్ము లేస్తుంది. వినడానికి తక్కువే అనిపిస్తుంది. ఏటా లక్ష టన్నులు తీసే ఒక మాదిరి కర్మాగారానికి లెక్కేస్తే అది 1500 నుంచి 2000 టన్నులు. ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి దాదాపు 190 కోట్ల టన్నుల ఉక్కు తయారవుతోంది. అందులో పావు వంతుకు పైగా విద్యుత్ ఆర్క్ కొలిముల్లోంచే వస్తుంది. ఆ కొలిముల దుమ్మే ఏడాదికి 80 లక్షల టన్నుల పైచిలుకు ఉంటుందని లెక్క తేలుతుంది.

ఇప్పుడు ఆ దుమ్ములో ఏముందో చూద్దాం. తుక్కులో జింకు పూత రేకులు ఎన్ని ఉన్నాయన్న దాన్నిబట్టి జింకు 15 నుంచి 35 శాతం దాకా ఉంటుంది. ఇనుము 20 నుంచి 40 శాతం. గనిలోంచి తవ్వి తీసే జింకు ముడిఖనిజంలో చాలావాటికి ఇంత జింకు ఉండదు. అంటే పొగగొట్టం కింద కట్టిన సంచుల్లో ఒక గని ఉన్నట్టే!

మరి ఎగబడి తీసుకోవాలి కదా? అక్కడే ఉంది చిక్కు.

కలిసి ఉన్నంతకాలం విషమే

ఇనుము, జింకు విడివిడిగా ఉంటే రెండూ సరుకే. కలిసి ఉంటే రెండూ పనికిరావు. ఆ దుమ్మును తిరిగి కొలిమిలోనే పోస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పోస్తే జింకు మళ్లీ ఆవిరై మళ్లీ దుమ్ములోకే చేరుతుంది. ముడిఖనిజం కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో పోస్తే ఇంకా ఇబ్బంది. అడుగున ఆవిరైన జింకు పైన చల్లటి చోట గోడలకు పట్టి గడ్డలు కడుతుంది, లోపలి ఇటుకల్ని తినేస్తుంది. అందుకే ఆ కొలిమిలోకి వెళ్లే జింకును గ్రాముల లెక్కన కాపలా కాస్తారు.

పోనీ, ఆమ్లంలో కరిగించి జింకును వేరు చేద్దామా? దుమ్ములోని జింకులో కొంత భాగం ఇనుముతో పెనవేసుకుని 'జింక్ ఫెర్రైట్' అనే మొండి పదార్థంగా మారి ఉంటుంది. మామూలు ఆమ్లాలకు అది ఓ పట్టాన లొంగదు.

పోనీ, ఓ మూల పోసి వదిలేద్దామా? ఈ దుమ్ములో చాలా రేణువులు కొన్ని మైక్రాన్ల పరిమాణంలోనే ఉంటాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. గాలి వీస్తే లేస్తుంది, ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది. వాన పడితే సీసం, కాడ్మియం నీళ్లలోకి దిగుతాయి. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాడ్మియం మూత్రపిండాల్లో చేరి కూర్చుంటుంది. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింకు గని నుంచి వచ్చిన కాడ్మియం జింజు నది ద్వారా వరి పొలాల్లోకి చేరింది. ఆ బియ్యం తిన్నవాళ్ల ఎముకలు గుల్లబారాయి. నొప్పితో వాళ్లు చేసే మూలుగే 'ఇతాయ్ ఇతాయ్' అని జబ్బు పేరుగా మిగిలింది. కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా జపాన్ ప్రభుత్వం దాన్ని 1968లో గుర్తించింది.

ఈ భయాలన్నిటి వల్లే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ విద్యుత్ కొలిమి దుమ్మును 1980లో ప్రమాదకర వ్యర్థాల జాబితాకెక్కించింది. 'కె061' అని దానికో నంబరు కూడా ఇచ్చింది.

చేలోకి వెళ్లిన దుమ్ము

జాబితాలో చేర్చినంత మాత్రాన కథ ముగియలేదు. పైరుకు జింకు కావాలి కదా! దుమ్ములో జింకు ఉంది కదా! ఈ రెండు మాటల్నీ కలిపి అక్కడ ఓ వ్యాపారం పుట్టింది. ఉక్కు దుమ్మును జింకు ఎరువులో కలపొచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. కర్మాగారం గేటు దాటేటప్పుడు ప్రమాదకర వ్యర్థం, ఎరువుల సంచిలోకి వెళ్లాక పోషకం! అందులోని సీసం, కాడ్మియం మాత్రం సంచి మారిందని ఎక్కడికీ పోలేదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో క్విన్సీ అనే చిన్న వ్యవసాయ పట్టణం ఉంది. పొలాల్లోకి పరిశ్రమల వ్యర్థాలు ఎరువు రూపంలో వస్తున్నాయంటూ అప్పటి మేయర్ పాటీ మార్టిన్ గట్టిగా పట్టుబట్టారు. సియాటిల్ టైమ్స్ విలేకరి డఫ్ విల్సన్ 1997లో వరస కథనాలు రాసి ఈ వ్యవహారాన్ని దేశమంతటికీ తెలిసేలా చేశారు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం ఎరువుల్లో విషలోహాలకు హద్దులు గీస్తూ చట్టం తెచ్చింది. 2002లో పర్యావరణ సంస్థ 'కె061' దుమ్ముకున్న ప్రత్యేక మినహాయింపును తీసేసింది. వ్యర్థాల నుంచి తీసే జింకు ఎరువుల్లో ఏ లోహం ఎంత మించకూడదో పరిమితులు పెట్టింది.

వరి పండించే మనకు ఇది దూరపు కథ కాదు. నాట్లు వేసిన కొద్ది వారాలకు వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు రావడం, మొక్క గిడసబారడం జింకు లోపం వల్లేనని 1966లో పంత్‌నగర్‌లో శాస్త్రవేత్త వై.ఎల్. నెనె తేల్చారు. దాన్నే 'ఖైరా' తెగులు అంటారు. అందుకే రైతులు దుక్కిలో జింక్ సల్ఫేట్ చల్లుతారు. మన దేశ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఎక్కువగా అమ్ముడయ్యే హెప్టాహైడ్రేట్ రకంలో జింకు కనీసం 21 శాతం ఉండాలి. సీసం 0.003 శాతం, కాడ్మియం 0.0025 శాతం మించకూడదు. సంచి మీద ముద్రించిన ఈ చిన్న అంకెల వెనక క్విన్సీ లాంటి ఊళ్లు ఎందుకు గోల పెట్టాయో ఇప్పుడు అర్థమవుతుంది. జింకు ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు, దాన్ని మిగతావాటి నుంచి సరిగ్గా వేరు చేశారా లేదా అన్నదే ప్రశ్న.

దొర్లే బట్టీ

సరిగ్గా వేరు చేసే దారి ఏది? జింకును ఏ గుణం దుమ్ములోకి తెచ్చిందో అదే గుణంతో బయటికి లాగడం. అంటే మళ్లీ మరిగించడం!

ఈ ఉపాయానికి 1910లోనే ఎడ్వర్డ్ డెడాల్ఫ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నారు. 1923లో జర్మనీలోని క్రుప్ సంస్థ దీన్ని కర్మాగార స్థాయిలో రూపొందించింది. పేరు 'వేల్జ్' ప్రక్రియ. జర్మన్ భాషలో ఆ మాటకు 'దొర్లడం' అని అర్థం. యాభై మీటర్ల దాకా పొడవుండే ఇనుప గొట్టాన్ని కాస్త వాలుగా పడుకోబెట్టి, లోపల ఇటుకలు పేర్చి, నిమిషానికి ఒక చుట్టు చొప్పున తాపీగా తిప్పుతుంటారు. పైచివర నుంచి దుమ్మును ఉండలు చేసి, కోక్ పొడితో కలిపి పోస్తారు. దొర్లుతూ దొర్లుతూ కిందికి వచ్చేసరికి వేడి 1200 డిగ్రీలకు చేరుతుంది. కోక్ లోని కార్బన్ దుమ్ములోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మొండి ఫెర్రైట్ కూడా ఆ వేడికి విడిపోతుంది. జింకు ఆవిరై పైకి లేచి, అక్కడి గాలి తగలగానే భగ్గుమని మళ్లీ ఆక్సైడ్ పొడిగా మారుతుంది. దాన్ని గుడ్డ సంచుల వడపోతలో పట్టుకుంటారు.

చూశారా తమాషా! దుమ్ముగా వచ్చినదాన్ని మళ్లీ దుమ్ముగానే పట్టుకున్నారు. కాకపోతే ఈసారి అందులో జింకు 55 నుంచి 65 శాతం. ఇంకా ఉప్పులు, సీసం ఉంటాయి కాబట్టి కడిగి, జింకు శుద్ధి కర్మాగారానికి పంపుతారు. అక్కడ అది మళ్లీ లోహమై, మళ్లీ ఏదో రేకు మీద పూతగా కూర్చుంటుంది. ప్రపంచంలో శుద్ధికి నోచుకుంటున్న కొలిమి దుమ్ములో సింహభాగం నేటికీ ఈ దొర్లే బట్టీల గుండానే పోతోంది.

ఇనుమూ దక్కాలంటే...

వేల్జ్ బట్టీలో ఓ లోపం ఉంది. జింకు దక్కుతుంది కానీ ఇనుము చాలావరకు చిట్టెంగా మారి రోడ్ల కిందికో, పూడ్చే గుంతల్లోకో పోతుంది. అందుకే రెండూ దక్కించుకునే దారుల కోసం వెతుకులాట సాగింది.

జపాన్‌లోని నిప్పన్ స్టీల్ సంస్థ 2000లో తన కిమిత్సు కర్మాగారంలో తిరిగే పళ్లెం లాంటి కొలిమిని మొదలుపెట్టింది. భారీ గుండ్రటి పెనం అనుకోండి. దుమ్మును కార్బన్‌తో కలిపి చేసిన ఉండల్ని దాని మీద ఒకటి రెండు పొరలుగా పరుస్తారు. పెనం ఒక్క చుట్టు తిరిగేసరికి, అంటే కొద్ది నిమిషాల్లోనే, 1300 డిగ్రీల వేడికి జింకు ఎగిరిపోతుంది. మిగిలిన ఉండల్లో ఇనుప ఆక్సైడ్ చాలావరకు లోహపు ఇనుముగా మారి ఉంటుంది. వాటిని నేరుగా బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేసుకోవచ్చు. జింకు పోయింది కాబట్టి గోడలకు గడ్డలు కట్టే బెడద లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు కొలిముల దుమ్ములో ఇంకా ఖరీదైన సరుకు ఉంటుంది. నికెల్, క్రోమియం! మన వంటింటి గిన్నెలకు మెరుపునిచ్చే లోహాలివి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఎల్‌వుడ్ సిటీలో 'ఇన్‌మెట్‌కో' కర్మాగారం 1978 నుంచి ఇలాంటి దుమ్మును కరిగించి నికెల్, క్రోమియం, ఇనుము కలిసిన దిమ్మెలుగా పోసి స్టీలు కంపెనీలకే తిరిగి అమ్మడం మొదలుపెట్టింది.

బియ్యం గాలించినట్టు

ప్రధానంగా ముడిఖనిజం నుంచి ఉక్కు తీసే పెద్ద కర్మాగారాల్లో మరో రకం దుమ్ము పుడుతుంది. 1952లో ఆస్ట్రియాలోని లింజ్ పట్టణంలో మొదలైన 'ఎల్‌డీ' పద్ధతిలో కరిగిన ఇనుము మీదికి ధ్వనిని మించిన వేగంతో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఊదుతారు. మన దేశంలో ఆ పద్ధతి మొదట రూర్కెలాకు వచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉన్నవీ ఎల్‌డీ కన్వర్టర్లే. ఆక్సిజన్ తగిలిన చోట వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఇనుము తుంపరలై ఎగురుతుంది. ఆ వాయువును నీటితో కడిగితే అడుగున మిగిలే బురదలో జింకు తక్కువ, ఇనుము ఎక్కువ. అందులోని ముతక రేణువుల్లోనైతే తుప్పు కాని అచ్చమైన లోహపు ఇనుమే చాలా ఉంటుంది.

దీన్ని రాబట్టే పద్ధతి మన ఇళ్లలో బియ్యం గాలించడం లాంటిదే. నీటిలో కదిలిస్తే బరువైన లోహపు రేణువులు అడుగుకు చేరతాయి, తేలికైన సున్నం, మెత్తటి ఆక్సైడ్ పైకి తేలిపోతాయి. తర్వాత ఇనుప గుండ్ల మరలో ఆడిస్తే పెళుసు ఆక్సైడ్ నలిగిపోతుంది, లోహం నలగకుండా చదునవుతుంది. అయస్కాంతం పెడితే ఇనుము అంటుకుంటుంది. చివరగా హైడ్రోజన్ వాయువులో వేడి చేస్తే మిగిలిన తుప్పు కూడా విడిచి ఇనుప రజను తేలుతుంది.

ఉక్కును ఎర్రగా కాల్చి సాగదీసేటప్పుడు పైన పెచ్చులుగా రాలే 'మిల్ స్కేల్' కథ కూడా ఇంతే. అది దాదాపు అచ్చమైన ఇనుప ఆక్సైడ్. జపాన్‌లో జేఎఫ్ఈ స్టీల్ దాన్ని కోక్‌తో కాల్చి, పొడి కొట్టి, హైడ్రోజన్‌తో శుద్ధి చేసి ఇనుప రజను తయారు చేస్తుంది. తుక్కు ధర ఎక్కడ, శుద్ధమైన రజను ధర ఎక్కడ! చెత్తకు విలువ పెరిగేది ఈ మెట్టు మీదే.

రజను ఎవరికి కావాలి?

మనకే! దీపావళికి పిల్లలు వెలిగించే కాకరపువ్వొత్తిలో బంగారు రంగు రవ్వలు రాల్చేది ఇనుప రజనే. కొన్ని తినుబండారాల ప్యాకెట్లలో 'తినకూడదు' అని రాసి ఉండే చిన్న పొట్లంలోనూ ఇనుప పొడి ఉంటుంది. అది తాను తుప్పు పడుతూ ప్యాకెట్లోని ఆక్సిజన్‌ను పీల్చేసి తిండి పాడవకుండా చూస్తుంది. వెల్డింగ్ రాడ్ల పూతలో కలుపుతారు. కార్లు, మోటారు సైకిళ్లలోని చిన్న చిన్న గేర్లను ఇనుప పొడిని అచ్చులో నొక్కి, కాల్చి చేస్తారు. కొయ్యనో కడ్డీనో చెక్కినట్టు చెక్కే పని లేదు, తరుగూ ఉండదు.

అన్నిటికీ ఒకే రజను పనికిరాదు. గేరుకు 98, 99 శాతం శుద్ధి కావాలి. ఇసుక రేణువులు కాసిని మిగిలినా అచ్చు అరిగిపోతుంది, భాగం విరిగిపోతుంది. అంత శుద్ధి లేని పొడికీ పని ఉంది. కలుషిత నీటిలోని విషపు క్రోమియాన్ని ఇనుప పొడి నిరపాయకర రూపంలోకి మార్చగలదు.

చిట్టెంలో విలువ చూడటం మన పెద్దలకు తెలియని విద్య కాదు. ఆయుర్వేదంలో రక్తహీనతకు వాడే మండూర భస్మానికి మూలం పాత ఇనుప చిట్టెమే. నూరేళ్ల నాటిదైతే శ్రేష్ఠమని రసశాస్త్రం చెబుతుంది. అయితే కాల్చి, ముంచి, మళ్లీ కాల్చి ఎన్నోసార్లు శుద్ధి చేశాకే దాన్ని మందు అన్నారు. శుద్ధి లేనిదే వాడమనలేదు.

గాలిలో సీజియం

దుమ్ములోకి చేరేవి జింకు, సీసాలే కాదు. 1998 మే నెలలో స్పెయిన్‌లోని లాస్ బారియోస్‌లో అసెరినాక్స్ స్టీలు కర్మాగారానికి వచ్చిన తుక్కులో ఎవరికీ తెలియకుండా సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం కలిసింది. కొలిమిలో అది ఆవిరై దుమ్ములో చేరింది. కొంత గాలిలోకి పోయి ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల దాకా కొలత యంత్రాలకు చిక్కింది. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో బయటపడిన కోబాల్ట్-60 గుణం వేరు. అలాంటిది కొలిమికి చేరితే ఉక్కులోనే ఉండిపోతుంది. ఏది మరిగితే అది దుమ్ముకు, ఏది మరగకపోతే అది కడ్డీకి. అందుకే తుక్కు లారీని గేటు దగ్గరే రేడియేషన్ యంత్రంతో పరీక్షించడం ఆ తర్వాత చాలాచోట్ల తప్పనిసరి జాగ్రత్త అయింది.

మన వంతు

చైనా తర్వాత ప్రపంచంలో అత్యధికంగా ఉక్కు తయారుచేస్తున్న దేశం మనదే. 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యం చేరుకోవాలని 2017 జాతీయ ఉక్కు విధానం లక్ష్యం పెట్టుకుంది. 2019లో తుక్కు రీసైక్లింగ్ విధానం, 2021లో పాత వాహనాల తుక్కు విధానం వచ్చాయి. ఇప్పటి కార్లలో చాలావాటి బాడీలు జింకు పూత రేకులతో చేసినవే. అవన్నీ కొలిమికి వచ్చే రోజున దుమ్మూ పెరుగుతుంది, అందులో జింకూ పెరుగుతుంది.

పెద్ద కర్మాగారాలు తమ దుమ్మును, మిల్ స్కేల్‌ను ముడిఖనిజం పొడితో కలిపి గడ్డకట్టించి తామే వాడుకోగలవు. విశాఖలో సింటర్ ప్లాంటు చేసే పనుల్లో ఇదొకటి. ఇబ్బందంతా చిన్న కొలిములది. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నలాంటి ఇండక్షన్ కొలిమి ఒక్కోదాని నుంచి ఏటా వచ్చే దుమ్ము కొద్ది వందల టన్నులకు మించకపోవచ్చు. వేల్జ్ బట్టీ నడవాలంటే వేల కొద్దీ టన్నులు కావాలి. ఎవరికి వారు బట్టీ కట్టుకోలేరు. అందరి దుమ్మునూ ఒకచోట చేర్చే ఏర్పాటు ఉంటేనే లెక్క కుదురుతుంది. లేకపోతే మిగిలేవి రెండే దారులు. మొదటిది, డబ్బు కట్టి దుండిగల్, పరవాడల్లో ఏర్పాటైనలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు పంపి పూడ్పించడం. రెండోది, ఎవరూ చూడకుండా చెరువు గట్టునో పాడుబడ్డ క్వారీలోనో పారబోయడం. మొదటి దారిలో లోహం పోతుంది. రెండో దారిలో లోహంతో పాటు నీళ్లూ పోతాయి.

పైగా శుద్ధి పేరుతో జరిగేదంతా శుద్ధి కాదు. గుడ్డ సంచుల వడపోత లేని బట్టీలో జింకు తీస్తే సీసం ఊరి మీద పడుతుంది. ముక్కుకు గుడ్డ కూడా లేకుండా దుమ్ము సంచులు మోసే కూలీ ఒంట్లోకే కాడ్మియం వెళుతుంది. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు మన దేశంలో 1989లోనే వచ్చాయి, 2016లో వాటిని కొత్తగా రాశారు. దుమ్ము ఎంత పుట్టింది, ఎవరికి ఇచ్చారు, వాళ్లు ఏం చేశారు అన్న మూడు ప్రశ్నలకూ కాగితం మీద జవాబుండాలన్నదే వాటి సారాంశం. ఆ కాగితాలను అడిగి చూసే హక్కు కర్మాగారం పక్కనున్న ఊరికీ ఉండాలి.

పాత రేకు కొలిమికి పోవడం మంచిదే. ముడిఖనిజం తవ్వే పని తగ్గుతుంది, కరెంటూ బొగ్గూ కలిసొస్తాయి. కానీ రేకుకు ఇచ్చిన విలువ దాని పొగకూ ఇచ్చినప్పుడే ఆ మంచి పూర్తవుతుంది. ఇనుము ఇనుముగా, జింకు జింకుగా, సీసం సీసంగా విడిపోతే అంతా సరుకే. కలిపి పారబోస్తే మాత్రం, తెచ్చినవాడు ఎవరో తెలియని విషం ఏ ఊరి బావిలోనో తేలుతుంది.